పిండి కనబడుతోంది

ఇకపై దేశంలో ఏ చిరువ్యాపారీ సరుకు రాలేదని బెంగపడనక్కర్లేదనీ, అది ఎక్కడ ఆగిపోయిందో కళ్లారా చూసుకోవచ్చుననీ సరుకుల దర్శన శాఖ మంత్రి రుబెన్ ఒసినాగా లా పాస్ నగరంలో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. పక్కనే ఉన్న ఎల్ ఆల్తోలో రొట్టెల బట్టీ నడిపే ఎపిఫానియాను ముందు వరసలో కూర్చోబెట్టారు కాబట్టి ఆవిడా కొట్టింది. ఆవిడ పిండి లారీకి శాఖవారు ఒక పెట్టె బిగించారు. దాని పుణ్యమా అని గోడంత తెర మీద లారీ ఎర్ర చుక్కై మెరుస్తోంది.

"చూశారామ్మా? అదే మీ పిండి!" అన్నారు మంత్రి.

"చూశాను సారూ. కదలదేం?"

"కరకోల్లో ఊరి దగ్గర రాస్తారోకో. రోడ్డు మీద బండరాళ్లు. అవీ కనబడతాయి. ఫాబ్రిసియో, పెద్దది చేసి చూపించవయ్యా!"

ఇంజనీరు ఫాబ్రిసియో చూపించాడు. బండలు చాలా స్పష్టంగా ఉన్నాయి.

ఎపిఫానియాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే పండగ ముంచుకొస్తోంది. వాళ్ల ముందు పసిపిల్లల ఆకారంలో రొట్టెలు పెట్టాలి. రొట్టెలకు అతికించే రంగుల మొహాలు బుట్టెడు సిద్ధంగా ఉన్నాయి, ఒళ్లు చెయ్యడానికే పిండి లేదు. పైగా మొగుడు పోయాక ఇది మొదటి పండగ. బతికున్నన్నాళ్లూ బట్టీ దగ్గరే గడిపిన మనిషి, రొట్టె లేదంటే ఊరుకుంటాడా!

మంత్రిగారిది మెత్తని మనసు. ఎర్ర చుక్కను చూసి తట్టుకోలేకపోయారు. తెల్లారేసరికి తెర మీద ఏ చుక్కా ఆగి ఉండకూడదని ఆజ్ఞాపించారు.

మర్నాడు పొద్దున్నే చుక్క పచ్చబడి కదిలింది. ఎపిఫానియా ఫోన్లో చూసి ఎగిరి గంతేసింది. బట్టీ రాజేసింది, ఇరుగుపొరుగును కేకేసింది. "వస్తోందర్రా! పటకమాయా దాటేసింది!" చుక్క ఊళ్లోకొచ్చింది, వీధిలోకొచ్చింది, సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. ఆవిడ పరుగున వెళ్తే ట్యాక్సీలోంచి ఫాబ్రిసియో దిగాడు, చంకలో పెట్టెతో.

"సరుకు ముట్టినట్టు సంతకం పెట్టండమ్మా."

"పిండేదయ్యా?"

"క్షేమంగా ఉందమ్మా, అక్కడే. లారీ రాళ్లు దాటలేదుగా! పెట్టె తేలిక, మోటారు సైకిలు మీద దాటించేశాం."

"మరి లారీ సంగతి ఎలా తెలుస్తుంది?"

"ఇక తెలియదమ్మా. కానీ మీకు అందిందని దేశమంతా తెలిసింది."

"నీ తెలివి తగలెయ్య! ఆ మోటారు సైకిలు ఎక్కడ? నన్నూ అలాగే దాటించు."

మొహాల బుట్ట వీపున కట్టుకుని ఆవిడ బయల్దేరింది. ఆవిడ తరఫున ఫాబ్రిసియో తనే సంతకం పెట్టేశాడు. బాధ్యతగల అధికారి.

పిండి ఎక్కడుందో తెర మీద చూసింది కదా, నేరుగా అక్కడికే వెళ్లింది. అంతవరకు శాఖకు రుణపడాల్సిందే. పక్క పల్లెలో మట్టి బట్టీలున్నాయి. లారీ డ్రైవరు బస్తాలు మోశాడు, రాళ్లు పెట్టినవాళ్లు పిండి పిసికారు. దారిలో చిక్కుకున్న బస్సులవాళ్లు వేడివేడి రొట్టెలు ఎగబడి కొన్నారు. పండగనాడు అన్నిటికన్నా పెద్ద బండ మీద గుడ్డ పరిచి, మొగుడి పేర ఒక మీసాల రొట్టె పెట్టింది.

"ఇంటికెళ్తాడేమో అక్కా, ఇక్కడికి ఎలా వస్తాడు?" అన్నాడు డ్రైవరు.

"రొట్టె వాసన పట్టుకుని వస్తాడు. ఆయనకెవరూ పెట్టె బిగించలేదుగా!" అంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వి.

అప్పుడే ఎవరి ఫోన్లోనో ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. అందరూ మూగారు. ఎల్ ఆల్తోలో ఎపిఫానియా గుమ్మం ముందు బ్యాండు, కెమెరాలు, మంత్రిగారు. తలుపుకు తాళం.

"తాళం ఉందేంటయ్యా?" మంత్రిగారు గొంతు తగ్గించి అడిగారు.

ఫాబ్రిసియో చేతిలోని తెర చూపించాడు. "ఇందులో తెరిచే ఉంది సార్. రొట్టెలు కూడా వచ్చేశాయి."

మంత్రిగారు తెర వంక తృప్తిగా చూశారు. తాళం కప్పకు అడ్డంగా కట్టిన రిబ్బను కత్తిరించారు. తర్వాత మూతి తుడుచుకుని, రొట్టె చాలా మెత్తగా ఉందనీ, కాస్త తీపి తగ్గిస్తే ఇంకా బాగుంటుందనీ విలేకరులతో చెప్పారు.