సరళీకరించిన మురుగు

పురపాలక కార్యాలయం తన ఫిర్యాదుల యాప్‌ను ప్రజలకు అంకితం చేసిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. అంకితం చేసింది కమిషనరు. తయారుచేసింది మాత్రం రెండో అంతస్తులో జిరాక్స్ మెషీను పక్కన కూర్చునే ప్రోగ్రామరు. ఆఫీసులో ఆమెను అందరూ కళ్ళజోడు అంటారు.

ఆమె పని వినడానికి చిన్నదే. జనం ఫోనులో నొక్కే ప్రతి ఫిర్యాదూ ఏపీఐ అనే కంప్యూటరు దారిలో చిక్కుపడ్డ దారపుండలా వచ్చి పడుతుంది. ఆ చిక్కు విప్పి, ఎవరు, ఎక్కడ, ఏమిటి అని మూడు గడులున్న చిన్న చీటీలాంటి డేటా ఆబ్జెక్టుగా మార్చి సంబంధిత విభాగానికి పంపాలి. ఆమె ప్రోగ్రాం ఆ పని చక్కగా చేసింది. అదే కొంప ముంచింది. ఫిర్యాదులు అందరికీ అర్థమైపోసాగాయి.

విభాగాలు తల్లడిల్లాయి. కమిషనరు సమీక్షా సమావేశం పెట్టి బల్ల గుద్దారు.

“సరళత! ఈ యుగానికి కావలసింది సరళత! మూడు గడులెందుకమ్మా? ఇంకా సింపుల్ చెయ్యి!”

చోటు తెలిస్తే వెళ్ళాల్సివస్తోందని పారిశుద్ధ్య విభాగం నిజాయితీగా విన్నవించుకుని ‘ఎక్కడ’ను తీయించింది. పేరు తెలిస్తే మొహమాటమని ప్రజాసంబంధాల విభాగం ‘ఎవరు’ను తీయించింది. మిగిలిన ‘ఏమిటి’ ఒంటరిగా బాగుండలేదని దాని స్థానంలో ‘పరిష్కారమైంది’ అని రాయించారు. ఇక ఏ విభాగానికీ పంపే పనే లేదు కనుక, నొక్కిన వేలు తీయకముందే జవాబు రాసాగింది. జనం మురిసిపోయి ఐదేసి నక్షత్రాలు కురిపించారు. కమిషనరుకు పతకం వచ్చింది. దాన్ని ఫొటో తీసే అవకాశం కళ్ళజోడుకు దక్కింది.

ఒక ఉదయం ఆమెకు పెద్దమ్మ ఫోన్ చేసింది.

“ఒసేయ్, మా వంటింట్లోకి మురుగు వచ్చేసిందే! మంచమెక్కి కూర్చుని మాట్లాడుతున్నా. మీ యాప్‌లో నొక్కితే పరిష్కారమైంది అంటోంది.”

“మళ్ళీ నొక్కి చూశావా పెద్దమ్మా?”

“చూశానే. ఈసారి ఇంకా తొందరగా పరిష్కారమైంది.”

కళ్ళజోడుకు తల కొట్టేసినట్టయింది. ఆ ‘పరిష్కారమైంది’ని టైపు చేసింది తనే మరి. ఉద్యోగం ఊడుతుందని తెలిసీ ఎవరినీ అడగకుండా మూడు గడులనూ మళ్ళీ పెట్టేసింది. మధ్యాహ్నానికల్లా పారిశుద్ధ్య లారీ, అలవాటు తప్పిన డ్రైవరు దారి అడుగుతూ నడపగా, ఆ వీధికి చేరింది. రోడ్డు తవ్వారు, గొట్టం మార్చారు, వంటిల్లు ఆరింది. ఊళ్ళో మిగతా వీధుల్లోనూ అలాంటి ఘోరాలే జరిగాయి.

నగరం భగ్గుమంది. ఇదివరకు చిటికెలో జవాబు వచ్చేదనీ, ఇప్పుడు ఏకంగా మనుషులే వస్తున్నారనీ జనం దుమ్మెత్తిపోశారు. అందరూ ఒక్క నక్షత్రంతో సరిపెట్టారు. ప్రజాభిప్రాయాన్ని గౌరవిస్తూ కమిషనరు పాత సరళతను పునరుద్ధరించి, కళ్ళజోడును రికార్డు గదికి బదిలీ చేశారు.

బదిలీ అయిన రోజు సాయంత్రం ఆమె పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, పొడిగా మెరుస్తున్న వంటింట్లో కూలబడింది.

“నువ్వెన్ని నక్షత్రాలిచ్చావు పెద్దమ్మా?”

“ఒకటే ఇచ్చానే! గుమ్మం నిండా మట్టి పోసి పోయారు. అయినా ఆ యాప్‌ని మళ్ళీ బాగుచేశారటగా? మట్టి సంగతి ఇందాకే నొక్కా. చిటికెలో పరిష్కారమైపోయింది!” అంటూ పెద్దమ్మ, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గుమ్మంలో మట్టికుప్ప దాటుతూనే, తృప్తిగా ఐదు నక్షత్రాలూ నొక్కింది.