చిక్కడపల్లిలో పడింది

2012 జూన్‌లో ఆ ఆదివారం డాక్టర్ సంయుక్త పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. చిక్కడపల్లిలో ఇడ్లీ తినడం, నారాయణగూడలో కూరగాయలు కొనడం, ఇంటికొచ్చి పడుకోవడం. పద్దెనిమిదేళ్ళుగా ఉల్కల మీదా, చంద్రుడి రాళ్ళ మీదా పరిశోధన చేస్తున్న మనిషికి ఒక పూట నిద్ర పెద్ద కోరికేం కాదు. పెద్ద కోరిక వేరే ఉంది. ఆకాశం నుంచి అప్పుడే పడిన రాయిని తన చేత్తో ఏరుకోవాలి. ఇన్నేళ్ళూ ఎక్కడో ఎవరో ఏరితే, వాళ్ళను బతిమాలి బామాలి గోరంత ముక్క తెప్పించుకునేది. దాన్నే కళ్ళకద్దుకుని మైక్రోస్కోపు కింద పెట్టుకునేది.

రెండో ఇడ్లీ తుంచుతుండగా ఫోన్ మోగింది. ఆమె దగ్గర పరిశోధన చేసే సుమంత్. నిన్న సాయంత్రం మబ్బుల్లో ఢామ్మన్న శబ్దం వస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని అందరూ ఊరుకున్నారు. ఈ పొద్దున పక్కనే అశోక్ నగర్‌లో సుమంత్ వాళ్ళ డాబా మీద నల్లటి రాయి కనిపించిందట. అయస్కాంతం పెడితే అతుక్కుందట.

"పడిందా? నిజంగ పడిందా?" సంయుక్త కుర్చీలోంచి లేచి అరిచింది. "ఒక్కటే కాదు సుమంత్, వందల్ల ఉంటయి! ఎవ్వరికి చెప్పకు. పన్నెండు లోపల పని అయిపోవాలె, లేకుంటే అంతా ఖరాబైతది!"

పక్క బల్ల దగ్గర భానుప్రకాశ్ చేతిలో చాయ్ గ్లాసు నోటిదాకా రాకుండానే ఆగిపోయింది. అతను నాలుగేళ్ళుగా అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఆ వీధుల్లో పడటం అనే మాటకు ఒక్కటే అర్థం, సర్కారు కొలువుల నోటిఫికేషన్ పడటం. నూలు చీర, కళ్ళజోడు, గొంతులో అధికారం చూస్తే ఈమె కచ్చితంగా సర్వీస్ కమిషన్ లోపలి మనిషే. ఎవ్వరికీ చెప్పొద్దన్న ఆవిడ మాటను గౌరవించి, అతను తన రూమ్మేట్‌కు మాత్రమే చెప్పాడు.

రూమ్మేట్ కూడా ఒక్కడికే చెప్పాడు. అలా ఒక్కొక్కరికే చెప్పుకుంటూ పోతే అరగంటలో అశోక్ నగర్ అంతా గుప్పుమంది. వందల పోస్టులు నారాయణగూడ చేరేసరికి రెండు వేలయ్యాయి, పైగా ఇంటర్వ్యూ కూడా ఎత్తేశారు. ఆదివారం మూసుకున్న జిరాక్స్ షాపుల షట్టర్లు లేచాయి. ఒకడు దరఖాస్తు మీద ఫొటో కోసం స్నేహితుడి చొక్కా తొడుక్కుంటే, ఆ స్నేహితుడు తన చొక్కా తిరిగొచ్చేదాకా బనీనుతో లైన్లో నిలబడ్డాడు.

ఈ సంబరమేమీ తెలియని సంయుక్త, సుమంత్‌తో కలిసి అశోక్ నగర్‌లో గేట్లు తడుతోంది. మనోరమ గారనే ఇంటావిడ తలుపు సగమే తెరిచింది.

"రాయేందమ్మ? డాబా మీద వడియాలు పెట్టిన. ఎవ్వరు ఎక్కద్దు."

నాలుగిళ్ళలోనూ అదే జవాబు. పన్నెండుకల్లా వాన అని రేడియోలో చెప్పినట్టే, ట్యాంక్‌బండ్ వైపు మబ్బు కాటుకలా కమ్ముకొస్తోంది. వాన నీళ్ళు తాకితే ఆ రాళ్ళు పరిశోధనకు పనికిరాకుండా పోయినట్టే. సంయుక్తకు ఏడుపొక్కటే తక్కువ. దిగులుగా వెనక్కి తిరిగి చూస్తే, వీధి నిండా ఆమెను వెతుక్కుంటూ వచ్చిన రెండు వందల మంది.

"మేడం, పడిందట కద?" అన్నాడు ముందున్న భానుప్రకాశ్.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "మీకు గూడ తెలిసిందా? పడింది!"

ఈలలు మోగాయి.

"ఏ జోన్ల మేడం?"

"చిక్కడపల్లి నుంచి ఈ అశోక్ నగర్ దాక. ఇదే జోన్."

పోస్టులన్నీ ఈ జోన్ వాళ్ళకే అనుకుని జిల్లాల నుంచి వచ్చినవాళ్ళ ముఖాలు వాడిపోయాయి.

"వయసెంత మేడం?"

"నాలుగు వందల యాభై కోట్ల సంవత్సరాలు."

వీధి చప్పున చల్లబడింది. మొన్ననే వయోపరిమితి దాటిన ఒకాయన మాత్రం వెనక నుంచి, "అయితే నాకింక టైమున్నది," అన్నాడు.

తర్వాత రెండు నిమిషాల్లో అసలు సంగతి బయటపడింది. "రాయి కోసమా? ఫొటోలు గూడ దిగినం కదరా!" అని గుంపంతా భానుప్రకాశ్ వైపు తిరిగింది. అతను పారిపోవడానికి సందు కోసం వెతుకుతున్నాడు.

"జర ఆగుండ్రి," అంది సంయుక్త. "మీరు నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు చూసిన్రు. నేను దీనికోసం పద్దెనిమిదేండ్లు చూసిన. ఇయ్యాల మా వాకిట్లనే పడింది, కాని ఒక్కలు డాబా ఎక్కనిస్తలేరు. గంటల వానొస్తది."

అప్పుడు స్వరూప అనే హాస్టల్ అమ్మాయి ముందుకొచ్చింది. "డాబాల మీది రూములల్ల కిరాయికుండేది ఎవరు మేడం? మేమే కద!"

అంతే. దరఖాస్తుల వెనక వీధుల పటం గీశారు, ఇంటికిద్దరు చొప్పున పంచుకున్నారు. నల్లటి పొర ఉంటుంది, బరువుగా ఉంటుంది, చేత్తో ముట్టకుండా కొత్త కవరుతో పట్టాలని సంయుక్త పాఠం చెప్పింది. అందరూ నోట్సు రాసుకున్నారు. ఇది సిలబస్‌లో ఉంటుందా అని ఒకడు అడిగాడు కూడా.

అశోక్ నగర్ డాబాలన్నీ జనమయ్యాయి. వాటర్ ట్యాంకు కింద రెండు, పాత కూలర్లో ఒకటి, తులసి కుండీలో ఒకటి దొరికాయి. మనోరమ గారు కేకలేస్తూనే వడియాలు తీయడానికి పైకెక్కి, "ఇది ఎట్ల మాడిందో ఏమో, ఎండకు వడియం మాడుతదా?" అని ఒక నల్ల ముక్కను తనే తెచ్చి ఇచ్చింది. తోటివాళ్ళకు భయపడి అందరికంటే ఎత్తైన ట్యాంకెక్కి దాక్కున్న భానుప్రకాశ్‌కు పిడికిలంత రాయి దొరికింది. ఎక్కేటప్పుడు తిట్టినవాళ్ళే దిగేటప్పుడు భుజాల మీద మోశారు.

నలభై మూడో ముక్క డబ్బాలో పడి మూత బిగించాక వాన దంచికొట్టింది. రెండు వందల మందీ తడుస్తూ కేరింతలు కొట్టారు. సంయుక్త డబ్బాను గుండెలకు హత్తుకుని, అందరి ముందూ నవ్వుతూ ఏడ్చింది. ఆ ముక్కల మీద ఆమె రాసిన పరిశోధనా వ్యాసం చివర రెండు వందల పేర్లకూ కృతజ్ఞతలు చెప్పింది. గోరంత ముక్క ఇప్పించమని ఇప్పుడు విదేశాల వాళ్ళే ఆమెకు ఉత్తరాలు రాస్తున్నారు.

ఆ ఆదివారం తర్వాత నెల తిరగకుండానే ఒక కోచింగ్ సెంటర్ మోడల్ పరీక్షలో, ఇటీవల హైదరాబాద్‌లో పడినది ఏ రకం ఉల్క అనే ప్రశ్న వచ్చింది. ఏరినవాళ్ళంతా రాతి ఉల్క అని రాశారు, జవాబుల పట్టికలో ఇనుప ఉల్క అని ఉంది. డాక్టర్ సంయుక్త స్వయంగా అభ్యంతరం రాసి పంపితే, గైడులో అలా లేదని తిప్పి పంపారు.