ఆనర్స్ ఇంగ్లీషుకి కంపెనీ స్టాంపు

రామ్మోహన్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు గానీ, అంత కోపం పట్టడానికి ఒక్క ముక్కు ఎక్కడ సరిపోతుంది? పేస్టు ట్యూబు మధ్యలో నొక్కితే కోపం, ఏసీ నీళ్లు బాల్కనీలో కారితే కోపం, కింది ఫ్లాటువాళ్లు పొద్దున్నే నవ్వితే కోపం. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని ఆ మూడంతస్తుల బిల్డింగులో చాలామంది అలారం పెట్టుకోవడం మానేసి ఆయన గొంతుకే లేస్తున్నారు.

అది 2008 ఏప్రిల్. శనివారం, అంటే మస్కట్‌లో వారం మొదలయ్యే రోజు. ఆ పొద్దున ఆయన అనుకున్నది చాలా మామూలు సంగతి. ఆరున్నరకి ఇడ్లీలు తినాలి, ఆరుముప్పావుకి కూతురు మనోజ్ఞని స్కూల్లో దింపాలి, ఏడున్నరకి ఆఫీసు చేరాలి, తొమ్మిదిలోగా ముప్పై ఎనిమిది మంది పనివాళ్ల లేబర్ కార్డు కాగితాలకి స్టాంపు వేసి డ్రైవర్ ఖమరుద్దీన్‌కి ఇవ్వాలి. ఏసీ డక్టులు, అంటే చల్లగాలి వెళ్లే రేకు గొట్టాలు, చేసే ఆ కంపెనీలో పద్నాలుగేళ్లుగా స్టాంపు ఆయన సొరుగులోనే ఉంది. మేనేజరు మారాడు, ఫర్నిచర్ మారింది, స్టాంపు మాత్రం చెయ్యి మారలేదు.

ఇడ్లీ తుంచబోతుండగా మనోజ్ఞ నాలుగు పేజీల కాగితం కంచం పక్కన పెట్టింది.

"నాన్నా, సంతకం కావాలి. పది గంటల్లోగా స్కూలు ఆఫీసులో ఇవ్వకపోతే ఆనర్స్ ఇంగ్లీషులో నా సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

పదకొండో తరగతిలో ఆ ఏడాదే పెట్టిన కొత్త సెక్షన్ అది. నూటఅరవై మంది పరీక్ష రాస్తే ఇరవైనాలుగు మందిని తీసుకున్నారు. ఆ ఇరవైనాలుగులో మనోజ్ఞ ఉందని రామ్మోహన్ ఇప్పటికే కాకినాడకి పదకొండు ఫోన్లు చేశాడు. ఆ సెక్షన్ టీచరు, కొట్టాయం నుంచి వచ్చిన ఏలియమ్మ మిస్, క్లాసులో ఎలా నడుచుకోవాలో రాసి పంపిన కాగితం ఇది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ చెవులు ఎర్రబడ్డాయి.

ఏడూ ఇరవైకి తలుపు మూస్తారు, ఆ తర్వాత ఎవరు తట్టినా తెరవరు. ఫోన్లు బుట్టలో పడెయ్యాలి. మొదటి ఏడు నిమిషాలూ నోరెత్తకుండా నోటుపుస్తకంలో రాయాలి. ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు పైకి చదవాలి, విన్నవాళ్లు సంతకం చెయ్యాలి. సాకులు చెల్లవు. ఏ సాకులో కూడా రాశారు: కరెంటు పోయింది, చుట్టాలొచ్చారు, పని ఎక్కువైంది, ప్రింటర్ మొరాయించింది. అలాంటివి మొత్తం పదిహేడు నియమాలు.

"ఇది క్లాసా, సెంట్రల్ జైలా? ఖైదీక్కూడా చుట్టాలొస్తే కలవనిస్తారే! ఎవరండీ ఈవిడ, నా ఇంట్లో నేనెన్ని నిమిషాలు వినాలో చెప్పడానికి?"

"సంతకం గీకి ఇచ్చెయ్యండి మహానుభావా. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి," అంది భార్య సీతాదేవి వంటింట్లోంచి.

"చదవకుండా సంతకం పెట్టే వంశం కాదు మాది! ఆఫీసులో తీరిగ్గా చదివి ఖమరుద్దీన్ చేత పంపిస్తాను. వాడెలాగూ అటే వెళ్తాడు."

"పదిలోగా నాన్నా," అంది మనోజ్ఞ.

"చెవుడు లేదు నాకు!"

ఆఫీసులో కాగితం మళ్లీ తీశాడు. పదిహేడు నియమాలూ చదివి పదిహేడుసార్లు మండిపడ్డాడు. ఆఖరి పేజీలో తల్లిదండ్రుల అభిప్రాయానికి వదిలిన జాగాలో, పెన్ను నొక్కిపట్టి, పెద్దక్షరాల ఇంగ్లీషులో రాశాడు: "ఈ నియమాలు పిల్లలకే ఎందుకు? ముందు ఆఫీసుల్లో పెద్దవాళ్లకి పెట్టండి." ఈ దెబ్బతో ఏలియమ్మ మిస్ మూడ్రోజులు అన్నం తినదని ఆయన నమ్మకం.

సరిగ్గా అప్పుడే సీతాదేవి ఫోన్ చేసింది.

"పంపించారా?"

"పంపిస్తున్నానే! తొమ్మిది కాలేదు, అప్పుడే మొదలెట్టావా? అసలు ఆ కాగితంలో ఏం రాశారో తెలుసా నీకు?" అంటూ ఫోన్ని భుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకుని మొదటి నియమం నుంచి అందుకున్నాడు. ఆయన నోటికీ కుడిచేతికీ ఆట్టే సంబంధం లేదు. నోరు ఏలియమ్మ మిస్‌ని దులుపుతుంటే, కుడిచెయ్యి తన పాటికి తాను లేబర్ కాగితాల మీద ధబ్ ధబ్ మని స్టాంపులు గుద్దుతూ, కింద సంతకాలు గీకుతూ పోయింది. ముప్పై ఎనిమిదీ అయ్యాక ముందున్న ఇంకో నాలుగు పేజీల మీద కూడా గుద్దింది. ఖమరుద్దీన్ వచ్చాడు, దొంతర ఎత్తుకున్నాడు, పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మనోజ్ఞ ఇంటికొచ్చి బ్యాగుని సోఫా మీదకి విసిరింది. విసరడంలో తండ్రి పోలికే.

"నాన్నా, నా గార్డియన్ ఎవరు?"

"నేనే. ఏం?"

"కాదట. ఏసీ డక్టుల కంపెనీ అట. నాలుగు పేజీల మీదా స్టాంపుంది, పోస్టుబాక్సు నంబర్‌తో సహా. మిస్ క్లాసులో పైకెత్తి అడిగింది. అందరూ నవ్వారు. నన్నిప్పుడు డక్టు అని పిలుస్తున్నారు, తెలుసా నీకు?"

గది తలుపు ధడేలుమంది. రామ్మోహన్‌కి ఆ చప్పుడు సరిగా వినబడలేదు. ఆయన కళ్ల ముందు స్టోర్‌కీపర్ గంగన్న మెదిలాడు. మూడేళ్ల కిందట గంగన్న బావమరిది విజిట్ వీసా కోసం సొంత ఉత్తరం మీద కంపెనీ స్టాంపు వేశాడు. యజమానికి తెలిసిన మూడోనాడు గంగన్న వీసా కాన్సిలై ఇండియా విమానంలో కూర్చున్నాడు. కంపెనీ యజమాని అర్బాబ్ హిలాల్‌కి తక్కిన తప్పులన్నీ ఒక ఎత్తు, స్టాంపు తప్పు ఒక్కటీ ఒక ఎత్తు. తనకీ అదే గతి పడితే ఉద్యోగం, ఫ్లాటు, పిల్ల చదువు, అన్నీ ఒక్క వారంలో అట్టపెట్టెల్లోకి ఎక్కుతాయి. రామ్మోహన్‌కి నిజంగా భయం వేసింది. అలవాటు కొద్దీ దాన్ని కూడా కోపంగానే బయటపెట్టి, ఫ్యాను ఎవరు వేశారని సీతాదేవి మీద అరిచాడు.

సోమవారం పొద్దున మనోజ్ఞ దగ్గరున్న రెండో కాపీ మీద ఒక్క సంతకం, ఇంకేమీ లేకుండా, పొందిగ్గా పెట్టి ఖమరుద్దీన్‌కి ఇచ్చాడు.

"ఇది స్కూల్లో ఇచ్చి, పాతది అడిగి తీసుకురా. పాతది లేకుండా నాకు మొహం చూపించకు."

ఖమరుద్దీన్ కడపవాడు, యాభై దాటినవాడు, ఇరవై రెండేళ్లుగా మస్కట్ ఆఫీసుల కౌంటర్లు చూసినవాడు. స్టాంపు లేని కాగితం పట్టుకుపోయి ఆయన చీవాట్లు తినని కౌంటర్ లేదు. పదకొండు గంటలకి చిరునవ్వుతో తిరిగొచ్చాడు.

"ఇచ్చినా సార్. పాతది ఈలేదు, రెండూ పెట్టుకుంటామన్న్యారు. మీరు తొందరలో స్టాంపు మర్సిపోయినారు గదా, ఫర్లేదులే అని నేనే ఏసుకుని పోయినా. సొరుగు తాళం టేబులు మీదనే ఉన్నింది."

రామ్మోహన్ నోట్లోంచి వచ్చింది మాట కాదు, కేక.

"స్టాంపు వేశావా!"

"రెండేసినా సార్. గుండ్రందొకటి, పొడుగుదొకటి. ఇంగ ఎవరూ తిప్పి పంపరు."

"నిన్నెవడు వెయ్యమన్నాడు?"

"స్టాంపు లేకుండా యా కౌంటర్ కాడ తీసుకుంటారు సార్? ఇన్నేండ్లలో మీరే గదా నాకు చెప్పింది!"

అది నిజం. నిజం కాబట్టే రామ్మోహన్‌కి కోపం రెట్టింపయింది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది, ఇక తానే వెళ్లి తేల్చుకోవాలనుకున్నాడు.

మంగళవారం ఆయన స్కూలు మెట్లెక్కేసరికి ఏడూ ఇరవై రెండు. ఆనర్స్ ఇంగ్లీషు గది తలుపు మూసి ఉంది. తట్టాడు. అద్దంలోంచి చూస్తే ఇరవైనాలుగు తలలు వంగి రాసుకుంటున్నాయి. ఏలియమ్మ మిస్ ఒక్కసారి తలెత్తి గోడ గడియారం వైపు వేలు చూపించి, మళ్లీ తన నోటుపుస్తకంలో పడింది. ఆవిడ కూడా రాస్తోంది! రామ్మోహన్ తలుపు బాదాడు. "తియ్యండి! కాగితం నాది! నా కాగితం నాకిచ్చెయ్యండి!" అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వరసగా అరిచాడు. ఒక్క పిల్ల కూడా కదల్లేదు. మూడో బెంచీలో మనోజ్ఞ మాత్రం తల ఇంకా వంచుకుని, నుదురు బెంచీకి ఆనించేసింది.

చప్పుడు విని ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు.

"ఎవరు సార్ మీరు?"

"కంపెనీనుంచి వచ్చాను! ఆ స్టాంపులు వేసిన కంపెనీ!" అన్నాడు రామ్మోహన్ రొప్పుతూ.

ప్రిన్సిపాల్ మొహం వెలిగిపోయింది. రెండు చేతులతో రామ్మోహన్ చెయ్యి పట్టుకున్నాడు.

"మీరేనా! ఈ సెక్షన్ పెట్టినప్పుడు నూరుమంది తల్లిదండ్రులు తిట్టారండీ. మా నియమాలు ఒప్పుకుని, రెండుసార్లు స్టాంపు వేసి, పెద్దవాళ్లకి కూడా పెట్టమని రాసిన సంస్థ మీదొక్కటే. మీ యజమానికి కృతజ్ఞతలు చెబుతూ నిన్న సాయంత్రమే ఫ్యాక్స్ పంపాం. నాలుగు పేజీలూ జతచేశాం."

రామ్మోహన్ కారు నడిపిన తీరు ఆ రోజు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఫ్యాక్స్ మిషన్ పని ముందురోజే అయిపోయింది. కాగితం అర్బాబ్ టేబులు మీద ఉంది. అర్బాబ్ కుర్చీలో ఉన్నాడు.

అర్బాబ్ హిందీలో అరబ్బీ కలిపి మాట్లాడతాడు. పద్నాలుగేళ్లకి అది రామ్మోహన్‌కి ఇంటి భాషంత బాగా అర్థమవుతుంది.

"యా రామ్మోహన్, ఈ స్టాంపు మనదేనా?"

"మనదే అర్బాబ్."

"నువ్వే వేశావా?"

"శనివారం లేబర్ కార్డుల పని ఎక్కువై... ఇంటినుంచి ఫోనొచ్చి... తొందరలో..."

అర్బాబ్ వేలు పెట్టి ఒక పంక్తి చూపించాడు. "సాకులు చెల్లవని ఇక్కడుంది. పని ఎక్కువైందనడం కూడా చెల్లదట. దాని కిందే నువ్వు స్టాంపు వేశావు."

రామ్మోహన్ మనసులో అప్పుడే అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. అర్బాబ్ కళ్లజోడు తీసి తుడుచుకుని, నాలుగో పేజీ తిప్పాడు.

"ఈ ఆఫీసులో ఏడున్నరకి ఒక్కడూ రాడు. ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అడిగితే కరెంటంటారు, చుట్టాలంటారు. ఇన్నేళ్లు నేను అరిచాను, ఎవరూ వినలేదు. పెద్దవాళ్లకి ముందు పెట్టమని ధైర్యంగా రాసినవాడివి నువ్వొక్కడివే. గంగన్న తన బావమరిది కోసం స్టాంపు వేశాడు. నువ్వు కంపెనీ కోసం వేశావు. తమామ్, చాలా బాగుంది."

అసలు సంగతి చెప్పడానికి రామ్మోహన్ నోరు తెరిచాడు. గంగన్న గుర్తొచ్చి మూసేశాడు. ఆ ఆఫీసులో ఆయన నోరు తెరిచి, అరవకుండా మూసింది అదే మొదటిసారి.

"శనివారం నుంచి పదిహేడు నియమాలూ ఇక్కడ అమలు. చూసుకునేది నువ్వే. ఇరవై నిమిషాల ఇంగ్లీషు చదువు అందరికీ. ముందు నువ్వు దారి చూపించు. రేపు పొద్దున నీ కాగితం, ఇంట్లోవాళ్ల సంతకంతో, నా టేబులు మీద ఉండాలి. లేకపోతే స్టాంపు ఊరికే వేశావనుకుంటాను." ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు అర్బాబ్ నవ్వలేదు.

సాయంత్రం రామ్మోహన్ కాగితం సీతాదేవి ముందు పెట్టాడు.

"నాకు వంటుంది. ఇంగ్లీషు మీ అమ్మాయినడగండి," అంది ఆవిడ, మొహం గిన్నెలోకి దించుకుని. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుపు మాత్రం కాదు.

మనోజ్ఞ రెండు రోజులుగా తండ్రితో మాట్లాడటం లేదు. లైబ్రరీ పుస్తకం ఒకటి ఆయన చేతికిచ్చి, గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఆయన పైకి చదివాడు. నోరు తిరగని చోట రచయితని తిట్టాడు, కామాల మీద కోప్పడ్డాడు, అయినా ఆపలేదు. ఇరవై నిమిషాలయ్యాయి.

"పెట్టు సంతకం."

"పెట్టను."

"ఇరవై అయ్యాయి కదే!"

"క్లాసులో నన్ను నవ్వులపాలు చేశావు. పొద్దున తలుపు బాదావు. అందరూ నన్నే చూశారు. దానికేమంటావు?"

"అదీ... శనివారం హడావిడి... మీ అమ్మ ఫోను... ఆ ఖమరుద్దీన్ బుద్ధిలేనివాడు..."

మనోజ్ఞ పెన్నుకి మూత పెట్టేసింది.

రామ్మోహన్‌కి రావలసిన కోపం వచ్చింది. కుర్చీలోంచి సగం లేచాడు కూడా. అప్పుడు పిల్ల మొహం చూశాడు. ఏడుపుని పళ్లతో పట్టి ఆపుకుంటోంది. ఆ నూటఅరవై మందిలో నిలబడి సీటు తెచ్చుకున్నది ఇది. తనకి పేరు తెచ్చింది, తాను దానికి డక్టని పేరు తెచ్చాడు. ఆయనకి సిగ్గేసింది. మళ్లీ కూర్చున్నాడు.

"నాదే తప్పమ్మా," అన్నాడు. ఇంకేం కలపలేదు.

సీతాదేవి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పదిహేడేళ్ల కాపురంలో ఆ మాట ఆవిడ విననిది. మనోజ్ఞ ముంజేత్తో కళ్లు తుడుచుకుంది, మూత తీసింది, సంతకం పెట్టింది.

ఆ సంతకం కింద, అర్బాబ్ చదువుకునేందుకు వీలుగా, చక్కటి ఇంగ్లీషులో ఇంకో వాక్యం కూడా రాసింది: "విద్యార్థి తెలివైనవాడే, కోపం తగ్గించుకుంటే పైతరగతికి పనికొస్తాడు."