పదమూడో నిమిషంలో పట్టిన కాలు

మూడేళ్ల కిందట మ్యాచ్ పదమూడో నిమిషంలో పట్టుకున్న కొలిపాక నవనీత కాలును ధరావత్ రేణుక ఇంకా వదల్లేదు కాబట్టి, ఎర్రమట్ల మినీ స్టేడియంలో జిల్లా మహిళల రగ్బీ ఫైనల్ ఇంకా జరుగుతూనే ఉంది. స్కోరు పది–పది. మొత్తం ఆట పద్నాలుగు నిమిషాలే, మిగిలింది ఒక్క నిమిషం. నవనీత బోర్లా పడి ఉంది. బంతి ఆమె గుండెల కింద ఉంది. గీత తొమ్మిది అడుగుల దూరంలో ఉంది. రేణుక కూడా ఆమె వెనుక బోర్లా పడి, రెండు చేతులతో కుడికాలి చీలమండ పట్టుకుని ఉంది. జిల్లా క్రీడల కార్యాలయం నెలవారీ నివేదికలో ఈ సంగతి "పురోగతిలో ఉన్నవి" అనే గడిలో వస్తుంది.

రగ్బీ తెలియనివారు కంగారు పడనక్కర్లేదు, ఎర్రమట్లలో కూడా ఎవరికీ తెలియదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఉరికి, అవతలి గీత దాటాక నేలకు ఆనిస్తే ట్రై అంటారు, ఐదు పాయింట్లు. ఉరకడం ముందుకే, తోటివారికి బంతి అందించడం మాత్రం వెనక్కే. అడ్డొచ్చినవారు భుజాల కింద ఎక్కడైనా పట్టి పడగొట్టవచ్చు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అని మన పెద్దలు అన్నారు గానీ, ఈ ఆటలో జుట్టు నిషేధం, కాళ్లు మాత్రమే. పడిపోయాక పట్టినవారు వెంటనే వదలాలి, పడినవారు కూడా వెంటనే బంతి వదలాలి.

ఆటను ఆ జిల్లాకు తెచ్చింది ఒక సర్క్యులర్. ప్రతి జిల్లా నుంచి రగ్బీ జట్లు తయారు కావాలని అందులో రాసి ఉంది. హైస్కూలు పీఈటీ యాకయ్య సారు కబడ్డీ పిల్లల్ని కొందరిని, పరుగు పందెం పిల్లల్ని కొందరిని, ఎందులోనూ ఎంపిక కానివారిని కొందరిని పోగుచేసి జట్లుగా విడగొట్టాడు. బంతి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది, అప్పటిదాకా పీచు తీయని కొబ్బరికాయతో ఆడించాడు. నేల గరుకు మొరం. మోకాళ్ల మీద చర్మం నిలిచేది కాదు. ఇంట్లో కబడ్డీకి పోతున్నామని చెప్పి వచ్చేవారు, ఎందుకంటే కబడ్డీ అంటే కొట్టించుకోవడానికి ఇంట్లో ఒప్పుకుంటారు. రగ్బీ అంటే మళ్లీ అదేమిటో చెప్పాలి. అయినా వాళ్లకు ఆ ఆట బాగా నచ్చింది. లావుగా ఉన్నావని జీవితమంతా విన్న పిల్లను యాకయ్య సారు "నువ్వే మా గోడవు బిడ్డా" అని మధ్యలో నిలబెట్టాడు. ఆ పిల్ల ఆ రోజు ఇంటికి నడవలేదు, ఉరికింది.

నవనీత పరుగు పందెం నుంచి వచ్చింది. నాలుగు వందల మీటర్లలో ఆమె వెనుక ఎవరూ కనిపించేవారు కాదు. రేణుక కబడ్డీ నుంచి వచ్చింది, కాలి పట్టుకు పేరున్న పిల్ల. తండాలో ఆమెకు పట్టు నేర్పిన సారు ఒక్కటే మాట చెప్పాడు. అవతలి పిల్ల కూత ఆగేదాకా పట్టు ఇడవొద్దు, ఇల్లు కాలుతున్నా ఇడవొద్దు. ఆమె పదేళ్లు ఆ మాట మీదే నిలబడింది. రగ్బీకి వచ్చి రెండు నెలలే అయింది.

ఫైనల్లో నవనీత బంతితో ఎగిరి వస్తుంటే రేణుక పక్కనుంచి దూకి కాలు పట్టింది. నవనీత పడింది. రెఫరీ "రిలీజ్" అన్నాడు. ఆయన అసలు హ్యాండ్‌బాల్ రెఫరీ, ఒక్కరోజు డెప్యుటేషన్ మీద వచ్చినవాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి విజిల్ ఊదాడు.

"కూత ఆగలే సార్" అంది రేణుక.

"కూత మొదలే పెట్టలే సార్" అంది నవనీత.

రెఫరీ ఇద్దరి మాటలూ విన్నాడు, ఇద్దరివీ నిజమే. గడియారం ఆపి కార్యాలయానికి రాశాడు.

ఇందులో ఒకరు వదిలేస్తే పోయేదేముంది అని అడగవచ్చు. ఉద్యోగం పోతుంది. గెలిచిన జట్టు పిల్లలకు ఇచ్చే సర్టిఫికెట్‌కు కానిస్టేబుల్ ఎంపికలో క్రీడా కోటా వర్తిస్తుంది. ఓడిన జట్టుకు ఇచ్చే కాగితం మీద పరుగెత్తే మనిషి బొమ్మ ఉంటుంది. రేణుక కాలు వదిలితే నవనీత గీత దాటుతుంది. నవనీత బంతి వదిలితే రేణుక జట్టు ఎత్తుకుపోతుంది. ఇద్దరికీ వేరే ఏ దారీ లేదు. నవనీత తల్లి పోశవ్వ బీడీలు చుడుతుంది. రేణుక తండ్రి మూడేళ్లలో రెండుసార్లు మక్కజొన్న వేసి రెండుసార్లూ అడవి పందులకు అప్పగించాడు.

నిబంధనలో "వెంటనే" అని ఉంది కదా, వెంటనే అంటే ఎంతసేపు అని కార్యాలయం పైకి రాసింది. "వెంటనే" ముద్ర పడిన ఫైలుకు తొంభై రోజుల గడువు ఉంటుందని, తగిన కారణాలు చూపితే పొడిగించవచ్చని జవాబు వచ్చింది. పొడిగించారు. ఇప్పటికి పదకొండుసార్లు పొడిగించారు.

ఈలోగా పోలిక కమిటీ వేశారు. కొత్త ఆటలో తగవు వస్తే దగ్గరి ఆట నిబంధన చూసి తీర్చాలన్నది దాని పని. కబడ్డీ సంఘం వారు, మొదలుకాని కూత ఆగదు కాబట్టి పట్టు చెల్లుతుందని రాసిచ్చారు. ఫుట్‌బాల్ వారు, మా ఆటలో చేత్తో ముట్టుకోవడమే ఉండదు కనుక ఈ ప్రశ్నే తలెత్తదన్నారు. కుస్తీ వారు వచ్చి చుట్టూ తిరిగి చూసి, రెండు భుజాలూ నేలకు ఆనలేదు, ఇంకా ఓడలేదన్నారు. ఖోఖో వారు ఒక పిల్లను పంపి రేణుక వీపు మీద తట్టి "ఖో" అనిపించారు. రేణుక లేవలేదు. బ్యాంకు మేనేజర్ ఒకాయన టీవీలో అమెరికా వారి ఆట చూస్తాడు. అక్కడ మనిషి కింద పడగానే ఆట ఆగిపోతుందని, అందరూ లేచి గుమిగూడి మాట్లాడుకుంటారని, నెత్తికి ఇనుప టోపీలు కూడా ఉంటాయని చెప్పాడు. ఆయన మాట అందరికీ నచ్చింది. టోపీల కోసం ప్రతిపాదన పంపారు.

స్టేడియం అలవాటు పడింది. పొద్దున నడకకు వచ్చేవారు ఇద్దరినీ చుట్టి నడుస్తారు, దానివల్ల రౌండుకు ఇరవై అడుగులు ఎక్కువ వస్తుందని సంతోషిస్తారు. అధికారుల క్రికెట్ పోటీల్లో బంతి వాళ్లకు తగిలితే రెండు పరుగులు. జనాభా లెక్కలవారు ఇద్దరినీ ఒకే కుటుంబంగా రాసుకుని, ఇంటి యజమాని ఎవరన్న గడి దగ్గర ఆగిపోయారు. ఎండకు షామియానా వేశారు, షామియానాకు కాపలాదారును వేశారు, కాపలాదారు హాజరు చూడడానికి ఒక గుమాస్తాను వేశారు. ఆ ఒక్క పట్టు మీద ఇప్పటికి తొమ్మిది మంది బతుకుతున్నారు, ఆ ఇద్దరు తప్ప.

రెఫరీ డెప్యుటేషన్ కూడా పొడిగించారు. నెలకొకసారి రెండో శనివారం వచ్చి, విజిల్ నోట్లో పెట్టుకుని సాయంత్రం దాకా నిలబడి పోతాడు.

పోశవ్వ రోజూ బీడీ చాట తెచ్చుకుని బిడ్డ పక్కన కూర్చుంటుంది. ఇద్దరికీ అన్నం కలిపి పెడుతుంది, ఇద్దరి తలలూ దువ్వుతుంది. మొదటి ఏడు ఒకసారి రేణుకను అడిగింది.

"ఇడిస్తే నీ సొమ్మేం పోతది బిడ్డా?"

"నౌకరి పోతది పెద్దమ్మా."

పోశవ్వ ఒక బీడీ చుట్టి దారం కట్టేంతసేపు ఆలోచించింది. "అవు, నిజమే" అంది. మళ్లీ అడగలేదు.

రెండో ఏటి వానాకాలంలో రేణుకకు జ్వరం వచ్చింది. ఒక మంగళవారం మధ్యాహ్నం నవనీతకు కాలు చల్లగా తగిలింది. ఏడాదికి పైగా అక్కడ గాలి తగల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే రేణుక వణుకుతూ నిద్రపోతోంది, చేతులు జారి మట్టిలో పడి ఉన్నాయి. కాపలాదారు చాయ్ తాగడానికి పోయాడు. ముందు తొమ్మిది అడుగులు ఖాళీగా ఉన్నాయి. నవనీత వెనక్కి వంగి, రేణుక చేతులు ఒక్కొక్కటే తీసి తన చీలమండ మీద పెట్టుకుంది. తర్వాత మాత్ర కోసం కాపలాదారును కేకేసింది.

"అక్కా, నా చెయ్యి జారిందా?" అని సాయంత్రం రేణుక అడిగింది.

"లే" అంది నవనీత.

తల్లికి మాత్రం నిజం చెప్పింది. "రెఫరీ సారు లేనప్పుడు గీత దాటితే అది నడక అయితదే అవ్వా, ట్రై గాదు." అది నిజమే. కానీ ఆ మధ్యాహ్నం ఆమెకు రేణుకను చూసి గుండె తరుక్కుపోయిందన్నది కూడా నిజమే. తన చెల్లెలికి జ్వరమొస్తే కలిగే దుఃఖమే కలిగింది. నివేదికలో దానికి గడి లేదు కాబట్టి ఎక్కడా నమోదు కాలేదు.

ఈ జూన్‌లో జిల్లా క్రీడాధికారి స్వయంగా వచ్చాడు. కుర్చీ వేశారు. ఆయన చెడ్డవాడు కాదు, నేల మీద ఉన్నవారితో మాట్లాడాలని కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు.

"నవనీతా, నిన్నటితోని నీకు ఇరవై ఏడు నిండినయమ్మా. కోటాకు వయసు దాటింది."

"మ్యాచ్‌ల ఇంకా పదమూడో నిమిషమే గద సార్?"

"అదే రాసినం. ఆట టైము వేరు, సర్వీసు టైము వేరు అని జవాబొచ్చింది. ఇగ నీకు ఈ సర్టిఫికెట్‌తోని పనిలేదు. నీ జాగల సబ్‌స్టిట్యూట్‌ను ఏస్తున్నం. నలభై ఒక్క దరఖాస్తులొచ్చినయ్."

అన్ని దరఖాస్తులు రావడంలో వింత లేదు. ఒక ఏటి పోటీలు ముగియకుండా మరుసటి ఏటి పోటీలు పెట్టకూడదు. కాబట్టి మూడేళ్లుగా జిల్లాలో ఆడపిల్లలకు ఉన్న మ్యాచ్ ఇదొక్కటే, అందులోనూ కదలిక ఉన్న చోటు ఆ కాలు దగ్గరే.

నవనీత తల గడ్డిలోకి దించుకుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది, ఎవరూ ఆపలేదు. తర్వాత మొహం భుజానికి తుడుచుకుంది.

"అట్లయితే బంతి ఇడుస్త సార్. రేణుకకైనా పనైతది. దానికింక మూడేండ్లున్నది."

కాలి మీద పట్టు బిగిసింది.

క్రీడాధికారి గడియారం చూసుకున్నాడు. "ఆర్డరు పొద్దున పది నుంచి అమల్లకొచ్చిందమ్మా. ఇప్పుడు పదిన్నర. నువ్వు ఆటల లేవు. బయటి మనిషి బంతి ఇడిస్తే అది లెక్కల రాదు."

"మరి అరగంట నుంచి నా కాలు ఎందుకు పట్టుకున్నది సార్?"

"ఛార్జి అప్పజెప్పేదాక తప్పదు గద" అన్నాడాయన నెమ్మదిగా.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఆ తగాదా లేదు, ఇద్దరూ ఇవ్వలేదు.

పదకొండింటికి ఆకుల స్పందన వచ్చింది. పద్దెనిమిదేళ్లు. కొత్త బూట్లు. నలభై ఒక్క మందిని మూడుసార్లు ఉరికించి, బరువు తూచి, చీలమండల కొలత తీసుకుని ఆమెను ఎంపిక చేశారు. ఆమె నవనీత పక్కన పడుకోబోతే గుమాస్తా ఆపాడు. బంతి వెనక్కే ఇవ్వాలన్నది ఆట నిబంధన, అందుకని స్పందన అడుగున్నర వెనక్కి జరిగి పడుకోవాల్సి వచ్చింది. రేణుక కూడా ఆ మేరకు వెనక్కి జరగాలి. రికార్డులో గీత దూరం తొమ్మిది అడుగులు కొట్టేసి పదిన్నర అని దిద్ది, పక్కన పొట్టి సంతకం చేశారు.

నవనీత మూడేళ్లలో మొదటిసారి బంతిని గుండెల కిందనుంచి తీసి చేతుల్లోకి తీసుకుంది. దానికి ఒక పక్క మట్టి, ఒక పక్క ఆమె జెర్సీ రంగు అంటి ఉన్నాయి. వెనక్కి అందించింది. రేణుక ఎడమచేయి తీసి స్పందన కాలి మీద వేసింది. కుడిచేయి తీయడానికి కొంచెం సేపు పట్టింది.

"అక్కా, జర గట్టిగ పట్టుకో" అంది స్పందన రేణుకతో. "మా నాయన చూస్తుండు."

కంచె అవతల ఒకాయన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. పక్కనున్నవారికి కూతుర్ని చూపిస్తున్నాడు. రేణుక గట్టిగా పట్టుకుంది.

పోశవ్వ బిడ్డ చంకల కింద చేతులు వేసి లేపింది. నవనీతకు నిలబడడం వెంటనే చేతకాలేదు. నిలబడ్డాక చూస్తే స్టేడియం ఆమె అనుకున్నదానికన్నా చిన్నగా ఉంది.

"పోతున్నవా అక్కా?" అంది రేణుక తల ఎత్తకుండా.

"ఆఁ. యాళ్లకు తినుర్రి. కొత్త పిల్లకు రాత్రి కాలు గుంజుతది, జర నిమురు."

"ఆదివారం వస్తవా?"

"అవ్వ వస్తది. ఇగ నేనుగూడ బీడీలకు కూసుండాలె."

బయటికి పోయే గేటు ఆ గీత అవతలే ఉంది. నవనీత తల్లి భుజం మీద చేయి వేసి నడిచింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగోది వేయబోతుంటే సున్నం డబ్బాతో వంగి ఉన్న కాపలాదారు తలెత్తాడు. సబ్‌స్టిట్యూషన్ రోజు కదా అని గీత అప్పుడే కొత్తగా వేశారు.

"గీత తొక్కకమ్మా" అన్నాడు. "తడి ఆరలే."

నవనీత ఆగింది. వేసిన సున్నం చక్కగా, తిన్నగా ఉంది. ఆమె పక్కకు తిరిగి, గీత వెంబడే మూలనున్న జెండా దాకా నడిచి, దాని అవతలినుంచి చుట్టు తిరిగి గేటు వైపు వెళ్లింది. పోశవ్వ చాట నెత్తిన పెట్టుకుని వెనకే నడిచింది.