ప్లంబరు ఇంట్లో పచ్చ చుక్క

ఆ ఆదివారం ఉదయం ప్లంబరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురి బైకు ఒకసారి స్టార్టు చేసి చూడటం, టీ తాగటం, బండిని వ్యానెక్కించి పోటీకి బయల్దేరటం. మట్టి దిబ్బల మీద గెంతించే చిన్న బైకు అది. కూతురికి ఇదే మొదటి పోటీ. బండి కింద ఒక్క చుక్క కనబడినా లోపలికి రానివ్వరని అక్కడి నియమం.

ఆ నియమం విని ప్లంబరు నవ్వాడు. ఊళ్ళో సగం కుళాయిల నోరు మూయించినవాడి ఇంట్లో బండి కారడమా! కారితే సంబరపడేవాడు మాత్రం ఒకడున్నాడు, పక్క వీధి ప్లంబరు. ఏది కారినా టేపు చుట్టి చేతులు దులుపుకుంటాడని అతనికి టేపు మేస్త్రీ అని పేరు పెట్టి, ఊరంతా పంచిపెట్టింది మన ప్లంబరే.

బండి కారింది. రేడియేటరులో ఇంజనును చల్లబరిచే పచ్చటి నీళ్ళు, కూలెంటు, అంచుదాకా పోసి, ఇంజను కాసేపు తిప్పేసరికి అడుగున పచ్చటి చుక్క వేలాడింది.

"నిండుకుండ తొణకదంటారు కదే! ఇదేంటి మరి?" అన్నాడు భార్యతో.

"కుండనే అడగండి, నన్నెందుకు?" అని ఆమె ఉతకాల్సిన బట్టలు ఎత్తుకుని లోపలికి పోయింది.

ప్లంబరుకు బిగించడమంటే విరిగేదాకా బిగించడం. కూలెంటు గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు టక్కున విరిగింది. ఇంట్లో సరిపోయే క్లాంపు ఒక్కటే ఉంది, వాషింగ్ మెషీన్ పైపును కుళాయికి పట్టి ఉంచేది. దాన్ని విప్పుకొచ్చి బైకుకు వేశాడు. ఆ పైపును మాత్రం కుళాయికి ఊరికే తొడిగి, "సాయంత్రం చూసుకుందాంలే" అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి చేస్తే అది ఇల్లెందుకవుతుంది?

చుక్క ఆగలేదు. కిందికి దూరి చూస్తే కూలెంటును తిప్పే పంపు అడుగున చిన్న రంధ్రం కనబడింది. రంధ్రం కనబడితే ప్లంబరు చెయ్యి ఊరుకోదు. పుట్టీతో పూడ్చేశాడు.

ఇంతలో బస్సు నడిపే బావమరిది వచ్చాడు. బండి కింద మడుగు చూసి, పాపం ఖాళీ అయిపోయి ఉంటుందని రేడియేటరు మళ్ళీ నింపాడు. అంతకుముందే అక్క కూడా అదే జాలితో పోసిందని అతనికి తెలియదు. ఈసారి స్టార్టు చేయగానే చుక్కలు ధారగా మారి వేడి సైలెన్సరు మీద పడ్డాయి. తెల్లటి పొగ లేచింది.

"అయిపోయింది బావా! తెల్ల పొగంటే ఇంజను లోపలి హెడ్ గాస్కెట్ పోయినట్టే. ఇంజను విప్పాల్సిందే!"

"నీకేం తెలుసురా?"

"మా బస్సుకూ ఇలాగే అయింది."

"బాగయిందా?"

"అమ్మేశారు."

ప్లంబరు స్పానరు అందుకునేసరికి కూతురు హెల్మెట్టుతో బయటికొచ్చింది. ముఖం పాలిపోయింది.

"నాన్నా, ముట్టుకోకు! మామయ్యా, నువ్వూ దూరంగా ఉండు."

ఇంజను చల్లారనిచ్చింది. గుడ్డతో తుడిచి ఆరబెట్టి, అమ్మ పౌడరు డబ్బా తెచ్చి ఇంజనంతా చల్లి, మళ్ళీ స్టార్టు చేసింది. తెల్లటి పౌడరు మీద పచ్చటి చార నెమ్మదిగా గీసుకుంది. గొట్టం దగ్గర తడి లేదు. గాస్కెట్ దగ్గరా లేదు. చార మొదలైంది రేడియేటరు మూత పక్కన, పొంగింది బయటికి పోయే సన్న పైపు చివర.

"ఎవరు పోశారు?"

ప్లంబరు చెయ్యెత్తాడు. తర్వాత భార్య. తర్వాత బావమరిది.

"రేడియేటరు లోపలి రేకులు మునిగితే చాలు నాన్నా. వేడికి ఉబ్బడానికి చోటుండాలి."

"నిండుకుండ తొణకదని..."

"తొణకదు. పొయ్యి మీద పెడితే పొంగుతుంది. మరి ఈ పుట్టీ ఏంటి?"

"కన్నం ఉంటేనూ..."

"పంపు పాడైతే కారి కబురు చెప్పేది ఆ కన్నమే. దాని నోరు కూడా మూసేశావా!"

పిన్నీసుతో పుట్టీ పీకి, ఎక్కువైన కూలెంటు తీసేసి, బండి కడిగారు. అందరూ వ్యానెక్కారు. "వచ్చేసరికి ఉతికేసి ఉంటాయి" అంటూ భార్య చివరగా మెషీన్ వేసి తాళం పెట్టింది.

పోటీ దగ్గర తనిఖీ మనిషి బండి కింద పడుకుని టార్చి వేసి మరీ చూశాడు. చుక్క లేదు. ప్లంబరు ఛాతీ ఉబ్బింది. కూతురు బండిని గీత దగ్గర నిలబెట్టింది. అప్పుడే కింది వాటా ఆవిడ ఫోను.

"అన్నయ్యా, మీ గుమ్మం కిందనుంచి నీళ్ళొస్తున్నాయి! మెట్ల మీద కాలవ! మెయిన్ వాల్వు కడదామంటే తిరగడం లేదు."

అది తిరగక చాలా కాలమైంది. ఇల్లు దూరం. జెండా పైకి లేచింది. కూతురు తల తిప్పి, నాన్న ఉన్నాడా అని చూసింది. ప్లంబరు చెయ్యి ఊపాడు. రెండో చేత్తో, జన్మలో చేయననుకున్న నంబరుకు ఫోను చేశాడు.

సంగతి విని అవతలివాడు తనివితీరా నవ్వాడు. "వెళ్తాను కానీ అన్నా, నా దగ్గరుండేది టేపేగా?"

"తాళం పగలగొట్టైనా సరే, చుట్టు నాయనా. నీ ఓపికున్నంత చుట్టు."

కూతురు చివరినుంచి రెండోదిగా వచ్చింది, ఒళ్ళంతా మట్టితో, నోరంతా నవ్వుతో. టేపు మేస్త్రీ చుట్టిన ఆ మెషీన్ పైపు మాత్రం ఈనాటికీ కారలేదు.