ఆఖరి పది నిమిషాలు

ఆదివారం పొద్దున్నే పరుపుల షాపు సేల్స్‌మన్ గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఇవాళైనా ఆ పాత యుద్ధం సినిమా చివరిదాకా చూసెయ్యాలి. సాయంత్రం షాపులో అదే సినిమా వేస్తున్నారు మరి.

ఈ చిక్కు ఆయన చేతులారా తెచ్చుకున్నదే. నలుపు తెలుపు యుద్ధం సినిమాలంటే ఆయనకు ప్రాణం. కాకపోతే మొదటి ఫిరంగి పేలేసరికి కళ్లు మూతలు పడతాయి. కథంతా చూసేది పక్కన కూర్చుని స్వెట్టరు అల్లుకునే భార్య. పొద్దున కాఫీ వేళ ఆవిడ చెప్పినదాన్ని ఆయన షాపులో సొంత సరుకులా చెప్పేవాడు. ఈ సినిమా ముగింపు మాత్రం ఆవిడ చెప్పకుండా, చూసి తీరాలని ఊరించి వదిలేసింది. ఆయనా "ఆ ఆఖరి పది నిమిషాలు చూసి తీరాలండీ!" అని వచ్చినవాళ్లందరికీ సిఫారసు చేసేవాడు.

ఓనరమ్మ సైనికుడి కూతురు. ఆ మాట పట్టుకుంది.

"కొత్త బ్రాంచికి మేనేజరుగా దేన్నైనా చివరిదాకా చూసే మనిషి కావాలి నాకు. ఆదివారం షాపులోనే సినిమా వేద్దాం, కస్టమర్లనీ పిలుద్దాం. అయ్యాక ఆ పది నిమిషాల గురించి మీరే మాట్లాడాలి," అంది.

పదేళ్లుగా కలలుగంటున్న కుర్చీ అది. ఆయన తలూపేశాడు.

తొమ్మిదింటికి చెక్క కుర్చీలో నిటారుగా కూర్చుని సినిమా పెట్టాడు. పదకొండింటికి భార్య తట్టి లేపింది.

"అయిపోయిందా?"

"ఎప్పుడో."

"చివర్లో ఏమవుతుందో చెప్పవే, నీకు పుణ్యముంటుంది!"

"చెప్పను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా 'ఇది మా ఆవిడ చెప్పింది' అన్నారా?"

ఆయనకు సిగ్గు వేసింది.

సాయంత్రం కుర్చీలు చాలక జనాన్ని పరుపుల మీదే కూర్చోబెట్టారు. ఆయనకు గౌరవంగా ముందు వరసలో అన్నిటికన్నా ఖరీదైన పరుపు ఇచ్చారు. ఏడాదిగా ఒక్కటీ అమ్ముడుపోని రకం. ఆయన తొడ గిల్లుకుంటూ కూర్చున్నాడు. ఫిరంగి పేలింది. సైనికులు ఊపిరి బిగబట్టి కందకంలో పొంచి ఉన్నప్పుడు షాపంతటికీ ఒకే ఒక్క గురక వినిపించింది.

లైట్లు వెలిగాయి. "ఇక మాట్లాడండి," అంది ఓనరమ్మ. గురక ఆగలేదు.

భార్య లేచి నిలబడింది. "ఆయన బదులు నేను చెప్తానండీ." కమాండరు తన నీళ్ల సీసాను గాయపడ్డ శత్రువు నోటికి అందించే ఆ ఆఖరి ఘట్టం గురించి ఆవిడ చెబుతుంటే ఓనరమ్మ కళ్లు తుడుచుకుంది.

చప్పట్లకు ఆయన ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ చేజారిందని తెలిసిపోయింది.

"నేను ఏ సినిమానూ చివరిదాకా చూడలేదండీ. ఇన్నాళ్లూ చెప్పినవన్నీ మా ఆవిడ మాటలే," అన్నాడు తల దించుకుని.

"అదలా ఉంచండి," అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన. "ఫిరంగుల మోతలో కూడా అంత నిద్ర పట్టించిన ఆ పరుపు ఏ రకం? నాకొకటి రాయండి."

"నాకు రెండు!" అంది ఇంకొకావిడ.

ఓనరమ్మ మాట మీద నిలబడింది. చివరిదాకా చూసే మనిషికే, అంటే ఆయన భార్యకే, మేనేజరు కుర్చీ ఇచ్చింది. ఆయనకూ ఆ బ్రాంచిలోనే ఉద్యోగం దొరికింది. యుద్ధం సినిమా నడుస్తుండగా అద్దాల వెనక ఆ పరుపు మీద నిద్రపోవాలి.

డ్యూటీలో ఉండగా ఆఖరి పది నిమిషాలు మెలకువగా చూసినందుకు, మొదటి వారంలోనే మేనేజరుగారు ఆయనకు మెమో ఇచ్చారు.