జవాబుదారు వేణు

పని చేసేటోడు రెస్పాన్సిబుల్, జవాబు చెప్పేటోడు అకౌంటబుల్. కోకాపేట ఆఫీసుల శుక్రవారం పొద్దంతా కూసోవెట్టి నేర్పిన ట్రైనింగు మొత్తం గింతే. వేణు అండ్ల ముప్పాతిక నిద్రపోయిండు గని, ఈ ఒక్క ముక్క మాత్రం చెవుల వడ్డది.

పాపం, ఆయనకు నిద్ర కరువు. వారమంతా మీటింగులే. ఇంటికొచ్చేటప్పుడు బస్సుల కునికిపాట్లే. ఆఫీసు బస్సుకు మియాపూరే ఆఖరి స్టాపు కాబట్టి సరిపోయింది, లేకుంటే నిద్రల ఏ ఊరికి పోతుండెనో. ఆదివారమన్న కంటినిండ పండుకుందమంటే కూరగాయలని, గ్యాసని, వంటింట్ల సాయమని భార్య రేణుక లేపుతది. ఆమె బడిల పంతులమ్మ. పిల్లల మీద అరిచి అరిచి ఆమె పానం గుడ సగమైంది, గని అది ఈయన లెక్కల లేదు.

శనివారం చాయ్ తాగుకుంట మెల్లగ మాట తీసిండు. ఎవరి పని ఏదో తెల్వకనే ఇంట్ల ఇంత పరేషాన్ అన్నడు. రేపటి సంది వంటింటికి ఆమె రెస్పాన్సిబుల్, తను అకౌంటబుల్. రెండిట్ల బరువైనది పెద్దమనసు చేసుకొని తనే మోస్తడట.

రేణుక గ్లాసు కింద వెట్టింది. "అంటే చేసుడు నాది. ఎవరేమడిగినా జవాబు నీది. గంతేనా?"

"గంతే."

"మల్ల మాట మార్చద్దు."

ఇంత అల్కగ ఒప్పుకున్నదేందని వేణుకు జర అనుమానం రావాలె. రాలే.

తెల్లారి బోరబండ నుంచి వేణు తల్లి రుక్కమ్మ ఫోను చేసింది, తన చెల్లె ఈశ్వరమ్మను తీసుకొని బువ్వకొస్తున్నమని. రేణుక ఫోను తెచ్చి పండుకున్నోని చెవి కాడ వెట్టింది. రండి రండి, రేణుక మటన్ వండుతదని చెప్పి ఆయన దుప్పటి ముసుగేసిండు.

మల్ల లేచేసరికి హాల్ల అక్కాచెల్లెండ్లు కూసున్నరు. పొయ్యి సల్లగున్నది. రేణుక పక్కరూముల గుర్రు పెడుతున్నది. వేణు ఉరికిపోయి ఆమెను కుదిపిండు.

"ఏందే గిది? వంటకు రెస్పాన్సిబుల్ నువ్వు గదా?"

ఆమె కండ్లు తెర్వలే. "అవ్, నేనే. కాదన్ననా? చెయ్యలే. ఎందుకు చెయ్యలేదో అత్తమ్మకు జవాబు చెప్పుడు నీ పని. పోయి చెప్పు."

క్లయింటుకైతే సర్వర్ పడిపోయిందని చెప్తడు. పొద్దుగాల చాయ్ నీళ్ల మీద వచ్చిన తల్లికి ఏం చెప్తడు? గత్యంతరం లేక ఆ రెండు ఇంగ్లీషు ముక్కల తేడా అంత విప్పి చెప్పిండు. రుక్కమ్మ ఓపిగ్గ విన్నది.

"అంటే కోడలు వండాలె, నువ్వు పండాలె. గీ మాటకు ఇంగ్లీషెందుకురా?"

సంచి చేతుల వెట్టి ఎల్లగొట్టింది. అప్పటికి మటన్ అయిపోతే చికెన్ తెచ్చిండు, ఉల్లిగడ్డలు కోసుకుంట ఏడ్సిండు, ఎట్లనో ఒకట్ల ఉడికిచ్చిండు. ఈశ్వరమ్మ ఒక్క ముద్ద నోట్ల వెట్టుకొని ఆగింది. గింత ఉప్పు ఎవరేసిండ్రు, దీనికి ఎవరిని అనాలె అని అడిగింది.

వేణు ఆశగ, బువ్వకు లేచొచ్చిన పెండ్లాం దిక్కు చూసిండు.

"రెండూ ఆయనే, చిన్నత్తమ్మ" అని రేణుక పెరుగు కలుపుకొని తిన్నది. తిని, చేయి కడుక్కొని, మల్ల పోయి పండుకున్నది.